డూలిన్ వెళ్ళి రావడం ఎలా: పగలు నడక, రాత్రి సంగీతం

ఐర్లాండ్‌లో చదువుకుంటున్న పిల్లల్ని చూడ్డానికి వచ్చే మన అమ్మానాన్నలైనా, డబ్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మన కుర్రాళ్ళైనా క్లిఫ్స్ ఆఫ్ మొహర్ అనే నిటారు సముద్రపు కొండ అంచుల్ని చూడకుండా ఉండరు. చూసే పద్ధతి మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. పొద్దున్నే డబ్లిన్‌లో టూర్ బస్సెక్కడం, మూడు గంటలకు పైగా కూర్చోవడం, క్లిఫ్స్ దగ్గర ఓ గంటన్నర తిరిగి ఫొటోలు తీసుకోవడం, పక్కనున్న డూలిన్ ఊళ్ళో భోజనానికి ఆగడం, మళ్ళీ బస్సెక్కడం. సాయంత్రానికి ఆ బస్సులన్నీ వెళ్ళిపోతాయి. డూలిన్ అసలు మొదలయ్యేది ఆ తర్వాతే. చీకటి పడ్డాక పబ్‌లో ఓ మూల బల్ల దగ్గర ఫిడేలు పెట్టెలు తెరుచుకుంటాయి. ఆ సంగీతం వినకుండా వచ్చేస్తే ఊరు చూసినట్టు కాదు.

అందుకే మొదటే చెబుతున్నాను, ఈ ఊళ్ళో రాత్రి ఉండాలి. రెండు రాత్రులు తప్పనిసరి, మూడైతే మరీ మంచిది. ఇక్కడ వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఒక రోజు వానకు పోయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

1. నెల ఎంచుకోండి

మే, జూన్, సెప్టెంబరు నా ఓటు. జూన్‌లో రాత్రి పది దాటాక గానీ పొద్దు గుంకదు. సాయంత్రం భోజనం చేసి, సముద్రం ఒడ్డున తీరిగ్గా నడిచొచ్చినా సంగీతం వేళకు పబ్‌లో ఉంటారు. జులై, ఆగస్టుల్లో రద్దీ ఎక్కువ, గదుల రేట్లూ ఎక్కువే. సెప్టెంబరులో వెళ్ళేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పక్కనే ఉన్న లిస్‌డూన్‌వార్నాలో ఆ నెలంతా పెళ్ళి సంబంధాల ఉత్సవం జరుగుతుంది. వారాంతాల్లో చుట్టుపక్కల ఊళ్ళలో గది దొరకడం కష్టం.

చలికాలంలో నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది, ఎదురుగా ఉన్న అరన్ దీవులకు పడవలు తిరగవు, సంగీతం కూడా చాలాచోట్ల వారాంతాలకే పరిమితం. కానీ సంగీతం కోసమే వెళ్ళేవాళ్ళకు ఫిబ్రవరి చివర్లో ఒక మంచి అవకాశం ఉంది. మైకో రస్సెల్ పేరు మీద ఊరివాళ్ళు జరుపుకునే వారాంతం అది. ఆయన గురించి ముందుకెళ్ళాక చెబుతాను.

వేసవి అంటే మన వేసవి అనుకోకండి. పగలు 15 నుంచి 19 డిగ్రీలుంటే మంచి రోజు కింద లెక్క.

2. వీసా సంగతి ముందు తేల్చుకోండి

ఇండియా నుంచి వచ్చేవాళ్ళు పొరపాటు పడేది ఇక్కడే. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, డబ్బు కూడా యూరోలే, కానీ ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి షెంజెన్‌లో లేదు. ఫ్రాన్స్‌కో జర్మనీకో తీసుకున్న షెంజెన్ వీసా ఇక్కడ పనికిరాదు. ఐర్లాండ్ సందర్శక వీసా విడిగా తీసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, దాని ప్రింటు మీద సంతకం పెట్టి, మిగతా కాగితాలతో కలిపి ఇవ్వాలి. ఫీజు ఒకసారి వెళ్ళొచ్చేదానికి 60 యూరోలు, ఎక్కువసార్లు వెళ్ళొచ్చేదానికి 100. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ఆ గడువు మొదలవగానే పెట్టేయండి, చివరి నెల దాకా ఆగొద్దు.

పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు పిల్లల ఆహ్వాన లేఖ, వాళ్ళ నివాస అనుమతి కార్డు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. డూలిన్‌లో బుక్ చేసుకున్న గది కాగితం కూడా పెడితే ఎక్కడెక్కడ తిరుగుతారో స్పష్టంగా ఉంటుంది.

సామాను సర్దేటప్పుడు ఇంకొకటి. మాంసం, పాలతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి బయటినుంచి తేనివ్వరు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయ, గోంగూర, కారప్పొడి తెచ్చుకోవచ్చు.

3. ఊరు చేరుకోవడం

హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా, అబుదాబిల మీదుగా డబ్లిన్ చేరొచ్చు. డబ్లిన్ విమానాశ్రయం నుంచే పశ్చిమ తీరంలోని గాల్వే నగరానికి నేరుగా బస్సులున్నాయి, మూడు గంటల్లోపు ప్రయాణం. రైలు కావాలంటే డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి గాల్వేకి రెండున్నర గంటలు పడుతుంది. గాల్వేలో ప్రభుత్వ బస్సు సంస్థ బస్ ఏరన్ వాళ్ళ 350 నంబరు బస్సు ఎక్కాలి. అది కిన్వారా, బాలివాన్, లిస్‌డూన్‌వార్నాల మీదుగా డూలిన్ చేరి, అక్కణ్ణుంచి క్లిఫ్స్ మీదుగా ఎన్నిస్ వెళ్తుంది. రోజుకు కొన్ని సర్వీసులే, కాబట్టి టైమ్‌టేబుల్ చూసుకున్నాకే గాల్వేలో దిగే వేళ నిర్ణయించుకోండి. బస్సులో కుడి పక్క కిటికీ సీటు పట్టుకోండి. గాల్వే అఖాతం ఆ పక్కనే కనబడుతూ వస్తుంది. విమానం షానన్‌లో దిగేవాళ్ళు ఎన్నిస్ వచ్చి అదే 350 బస్సును అటువైపు నుంచి ఎక్కితే సరి.

కారు అద్దెకు తీసుకుంటే ఎడమ పక్కే నడపాలి, మనకు అలవాటే. కానీ డూలిన్ ఉన్న క్లేర్ జిల్లా పల్లె రోడ్లు బాగా ఇరుకు, రెండు పక్కలా రాతి గోడలుంటాయి. ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. గేర్ల బండి నడపడం రాకపోతే ఆటోమేటిక్‌ను ముందే అడిగి పెట్టుకోండి, తక్కువ దొరుకుతాయి, ధర కూడా ఎక్కువే. నన్నడిగితే డూలిన్‌కి కారు అక్కర్లేదు.

4. గది ఎక్కడ తీసుకోవాలి

డూలిన్ ఒకచోట గుంపుగా ఉన్న ఊరు కాదు. సముద్రం వైపు ఫిషర్ స్ట్రీట్ ఉంది. ఒక వరుసలో రంగురంగుల చిన్న ఇళ్ళు, కొట్లు, 1832 నుంచి నడుస్తున్న గస్ ఓకానర్స్ పబ్ ఉన్నది అక్కడే. అక్కణ్ణుంచి లోపలికి కిలోమీటరు పైచిలుకు నడిస్తే రోడ్‌ఫోర్డ్ అనే రెండో గుంపు. మెగాన్స్, మెక్‌డెర్మట్స్ పబ్‌లు అక్కడ, ఐల్ అనే చిన్న ఏటి పక్కన ఉంటాయి. పడవలు బయల్దేరే రేవు ఇంకో వైపు. వీటి మధ్య పొలాలు, ఆవులు, గెస్ట్ హౌసులు.

రెండు గుంపుల మధ్య ఎక్కడ గది తీసుకున్నా రెండు వైపులకూ నడవొచ్చు. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్ళు నాకు బాగా నచ్చుతాయి. ఏ రోజు ఏ పబ్‌లో సంగీతం బాగుంటుందో పొద్దున టీ పోస్తూ ఆ ఇంటావిడ చెప్పినంత కచ్చితంగా ఏ యాప్ చెప్పదు. ఖర్చు తగ్గాలంటే హాస్టళ్ళు, టెంటు వేసుకునే స్థలం కూడా ఉన్నాయి. రాత్రి రోడ్ల మీద చాలాచోట్ల దీపాలుండవు, టార్చి దగ్గర పెట్టుకోండి. కార్లకు కనబడేలా లేత రంగు జాకెట్ వేసుకోండి.

5. సామాను: గాలికి తట్టుకునేవే

గొడుగు వద్దు. అట్లాంటిక్ గాలికి ఒక్క నిమిషంలో తిరగబడుతుంది. నీళ్ళు లోపలికి దిగని టోపీ జాకెట్, అలాంటిదే ప్యాంటు, లోపల పలచటి ఉన్ని పొరలు రెండు. జీన్స్‌తో నడవొద్దు, తడిస్తే సాయంత్రం దాకా ఆరదు. అడుగున పట్టు ఉన్న, చీలమండను పట్టి ఉంచే బూట్లు కావాలి. అమ్మానాన్నలు వస్తుంటే వాళ్ళకూ కొనిపెట్టండి. చెప్పులతో, తేలికపాటి స్పోర్ట్స్ షూలతో ఆ బురద దారిలో దిగనివ్వొద్దు. ఇక్కడి ప్లగ్గులు బ్రిటన్‌లో లాగా మూడు చదును కాళ్ళవి, అడాప్టరు కావాలి.

6. మొదటి సాయంత్రం: పబ్‌లోకి వెళ్ళడం

మద్యం తాగనివాళ్ళు పబ్ అనగానే వెనకాడతారు. ఇక్కడి పబ్ ఊరందరి కూడలి. ముసలివాళ్ళు, పసిపిల్లలతో వచ్చినవాళ్ళు, వాన నుంచి తప్పించుకోడానికి వచ్చినవాళ్ళు అందరూ అక్కడే కనబడతారు. టీ అడగొచ్చు, సోడా అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. 2004 నుంచి లోపల పొగతాగడం నిషేధం, గాలి శుభ్రంగా ఉంటుంది. పిల్లలతో వెళ్తే ఒక చట్టం గుర్తుంచుకోండి. 18 నిండనివాళ్ళు రాత్రి 9 తర్వాత, మే నుంచి సెప్టెంబరు దాకా అయితే 10 తర్వాత బార్‌లో ఉండకూడదు. చిన్నపిల్లలున్న కుటుంబాలు తొందరగా మొదలయ్యే సంగీతం ఎక్కడుందో మధ్యాహ్నమే అడిగి పెట్టుకోవాలి.

పానీయం కావాలంటే బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూడకండి. బార్ దగ్గరికి వెళ్ళి అడిగి, అక్కడే డబ్బు కట్టి తెచ్చుకోవాలి. బార్‌లో టిప్పు ఇవ్వక్కర్లేదు. పరిచయమైనవాళ్ళు మీకు ఒక గ్లాసు కొనిస్తే తర్వాతి విడత మీరు కొనడం మర్యాద. వాళ్ళకు బీరు, మీకు నిమ్మ సోడా అయినా ఆ వరస తప్పకూడదు.

భోజనం ఎనిమిదింటికల్లా ముగించండి. చాలా పబ్‌లలో తొమ్మిదికి వంటిల్లు మూసేస్తారు. శాకాహారులకు కూరగాయల సూపు, గోధుమరంగు సోడా బ్రెడ్, బంగాళాదుంప వంటకాలు, మేక చీజ్ సలాడ్ దొరుకుతాయి. కొన్నిచోట్ల అన్నంతో కూర కూడా పెడతారు. సూపు చికెన్ నీళ్ళతో చేశారా, కూరగాయల నీళ్ళతో చేశారా అని మాత్రం అడగండి. చేపలు తినేవాళ్ళకు ఇక్కడి చౌడర్ అనే చిక్కటి చేపల పులుసు వానరోజున ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది.

7. సెషన్ వినడం

నా మట్టుకు ఈ ప్రయాణంలో ముఖ్యమైన ఘట్టం ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

సెషన్ అంటే కచేరీ కాదు. వేదిక ఉండదు, టికెట్ ఉండదు. మన ఊళ్ళలో రామాలయంలో శనివారం భజనకు కూర్చున్నట్టు వాయించేవాళ్ళు ఒకరికొకరు ఎదురుగా గుండ్రంగా కూర్చుంటారు. వాళ్ళు ప్రధానంగా వాయించేది తమ కోసమే, చుట్టూ చేరిన మనం అదృష్టవంతులం. వేసవి రద్దీలో కొన్ని పబ్‌లలో మైకులు పెట్టి పర్యాటకులకు తెలిసిన పాటలు పాడతారు. అది తప్పేం కాదు, కానీ మీరు ఇంతదూరం వచ్చింది దాని కోసం కాదు. మైకు లేని బల్ల ఎక్కడుందో కనుక్కుని వెళ్ళండి.

తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య ఒకాయన ఫిడేలు పెట్టెతో వస్తాడు. కోటు విప్పి కుర్చీ వెనక వేసి, బార్‌లో వాళ్ళను పలకరించి కూర్చుంటాడు. కాసేపటికి ఒకావిడ కన్సర్టీనాతో వస్తుంది. రెండు చేతుల మధ్య ఇమిడే, రెండు పక్కలా మీటలున్న చిన్న తిత్తి పెట్టె అది. క్లేర్ జిల్లాకు దాని మీద ప్రత్యేకమైన మక్కువ. తర్వాత ఫ్లూటు, బౌరాన్. బౌరాన్ అంటే మేకతోలు బిగించిన డప్పు, చిన్న పుల్లతో వాయిస్తారు. శ్రుతి సరిచూసుకుంటారు, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. హఠాత్తుగా మాట మధ్యలోనే ఫిడేలాయన ఒక ట్యూన్ ఎత్తుకుంటాడు. నాలుగైదు స్వరాలకే మిగతావాళ్ళు గుర్తుపట్టి అందుకుంటారు. ఎదుట స్వరాల కాగితం ఉండదు, అన్నీ వినికిడి మీద నేర్చుకున్నవే.

మొదటిసారి వినేవాళ్ళకు అన్ని ట్యూన్లూ ఒకేలా ఉన్నట్టనిపిస్తాయి. అలా అనిపించకుండా ఉండాలంటే ముందు నడక పట్టుకోండి. వేలితో మోకాలి మీద "తకధిమి తకధిమి" సరిపోతే అది రీల్. "తకిట తకిట" అని సాగితే జిగ్. "తకిట" మూడు మూడుగా వస్తుంటే స్లిప్ జిగ్. తర్వాత రూపం గమనించండి. చాలా ట్యూన్లకు రెండు భాగాలుంటాయి. మొదటి భాగం రెండుసార్లు, రెండో భాగం రెండుసార్లు, ప్రతిసారీ ఎనిమిది బార్లు (తాళపు ఆవర్తాల్లాంటివి), మొత్తం 32. ఈ చుట్టును సాధారణంగా రెండు మూడుసార్లు తిప్పి, ఆపకుండానే ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. ఆ దూకే క్షణం కోసం కాచుకుని ఉండండి. ముందు ఒకరి కనుబొమ్మ లేస్తుంది, లేదా చిన్న కేక వినబడుతుంది, శ్రుతి మారుతుంది, బల్ల మొత్తానికి కొత్త ఊపొస్తుంది. రెండో రాత్రికి ఆ మలుపు మీకే ముందుగా తెలిసిపోతుంది.

అందరూ ఒకే స్వరాన్ని వాయిస్తున్నట్టు వినబడినా గమకాల్లో తేడాలుంటాయి. ఒకరు స్వరాన్ని చిన్నగా తెంపుతారు, ఒకరు దాని చుట్టూ వేళ్ళు తిప్పి చుడతారు. ఫిడేలు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో పలికిందే, పట్టుకునే తీరే వేరు. ఇక్కడ కింద కూర్చుని కాలికి ఆనించరు, కుర్చీలో కూర్చుని గడ్డం కిందో ఛాతీ మీదో పెట్టుకుంటారు. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఈ గమకాలు త్వరగానే పట్టుబడతాయి. అదృష్టం బాగుంటే ఇల్లిన్ పైప్స్ కూడా వినొచ్చు. మోచేతి కింద తిత్తితో గాలి ఊదుతూ వాయించే వాయిద్యం అది, ఆ కళను యునెస్కో 2017లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

మర్యాదలు కొన్ని ఉన్నాయి. మూల బల్ల దగ్గర ఖాళీ కుర్చీలున్నాయని కూర్చోకండి, అవి వాయించేవాళ్ళవి. ట్యూన్ల మధ్య మాట్లాడుకోవచ్చు, ట్యూన్ నడుస్తున్నప్పుడు కూడా గొంతు తగ్గించి మాట్లాడితే ఎవరూ ఏమనరు. కానీ ఎవరైనా వాయిద్యం లేకుండా పాట ఎత్తుకుంటే మాట పూర్తిగా ఆపేయాలి. గ్లాసు కూడా చప్పుడు చేయకూడదు. ఆ పాట ఐర్లాండ్ భాషలో ఉంటే అర్థం తెలియకపోయినా కదలకుండా వినండి. చప్పట్లు వరస పూర్తయ్యాకే. తాళం తప్పుతుందనుకుంటే మధ్యలో చరచకపోవడమే మంచిది. వీడియో తీయాలంటే ఒకసారి అడిగి, ఒక ట్యూన్‌తో ఆపేయండి. మీకూ ఫిడేలో ఫ్లూటో వచ్చినా పిలిచేదాకా పెట్టె తెరవొద్దు. డప్పు వాయించేవాళ్ళు ఒకరుంటే రెండోవారు చేతులు కట్టుకుని కూర్చోవాలి.

ఒక పాట సిద్ధం చేసుకుని వెళ్ళమని మాత్రం గట్టిగా చెబుతాను. ఇక్కడ పాడినవారికి తర్వాత ఎవరు పాడాలో పిలిచే హక్కు ఉంటుంది. రాత్రి ముదిరాక, జనం పలచబడ్డాక ఆ పిలుపు దూరం నుంచి వచ్చిన అతిథి మీద పడడం మామూలే. అప్పుడు సిగ్గుపడి తల వంచుకోకండి. మీ అమ్మమ్మ పాడిన ఉయ్యాల పాటో, నాట్ల పాటో రెండు చరణాలు చాలు. గొంతు బాగుండక్కర్లేదు. మీ పాటనూ అంతే నిశ్శబ్దంగా వింటారు.

ఇంత చిన్న ఊరికి సంగీతంలో ఇంత పేరు ఎలా వచ్చిందంటే ముందుగా రస్సెల్ అన్నదమ్ముల్ని తలుచుకోవాలి. మైకో టిన్ విజిల్, ప్యాకీ కన్సర్టీనా, గస్ ఫ్లూటు. 1915లో పుట్టిన మైకో ఈ ఊరి రైతు. 1960, 70లలో జానపద సంగీతం మీద యూరప్ కుర్రకారుకు ఆసక్తి పెరిగినప్పుడు ఈ అన్నదమ్ముల వాయింపు వినడానికే డూలిన్‌కి రావడం మొదలుపెట్టారు. మైకో వాయించే తీరులో హడావుడి లేదు, ట్యూన్ వెనక కథ చెప్పి, నెమ్మదిగా, విరుపు విరుపూ వినబడేలా వాయించేవాడు. 1994లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆయన వాయించిన టిన్ విజిల్ ఆరు రంధ్రాల రేకు గొట్టం, ఇప్పటికీ అతి చవకైన వాయిద్యాల్లో ఒకటి. ఇంటికి తీసుకెళ్ళడానికి ఫ్రిజ్ మాగ్నెట్ల బదులు డి శ్రుతి విజిల్ ఒకటి కొనండి.

8. రెండో రోజు: క్లిఫ్స్ వైపు నడక

క్లిఫ్స్ ఆఫ్ మొహర్ సుమారు 14 కిలోమీటర్ల పొడవున సముద్రం మీదికి నిటారుగా తెగి ఉంటాయి. ఎత్తైన చోట 214 మీటర్లు. డూలిన్ నుంచి సందర్శకుల కేంద్రం దాకా ఒడ్డు వెంట దాదాపు 8 కిలోమీటర్ల కాలిబాట ఉంది, మామూలుగా నడిచేవాళ్ళకు మూడు గంటలు. అక్కణ్ణుంచి దక్షిణంగా హ్యాగ్స్ హెడ్ మీదుగా లిస్కానర్ వైపు ఇంకా సాగుతుంది.

ముందు చేయాల్సిన పని, దారి తెరిచి ఉందో లేదో తెలుసుకోవడం. 2024లో ప్రాణాలు పోయిన ప్రమాదాలు జరిగాక ఈ బాటలో కొన్ని భాగాలు మూసేశారు, అప్పటినుంచి ఏ భాగం తెరిచి ఉంటుందనేది మారుతూ వస్తోంది. క్లిఫ్స్ వెబ్‌సైట్‌లో ఆ రోజు పరిస్థితి చూడండి, గెస్ట్ హౌసులోనూ అడగండి. మూసిన చోట అడ్డుగా పెట్టిన కంచెను దాటి వెళ్ళేవాళ్ళు కనబడతారు. వాళ్ళ వెనకాల మీరు వెళ్ళొద్దు. అంచున పచ్చగడ్డి గట్టిగా కనబడుతుంది గానీ అలలు కింద తొలిచేసి ఉంటాయి. పై నుంచి చూస్తే ఆ సంగతి తెలియదు. ఐర్లాండ్ వాతావరణ శాఖ గాలికి పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలిస్తుంది. వీటిలో ఏది ఉన్నా అంచు వెంట నడక మానేయండి. సెల్ఫీ కోసం సముద్రానికి వీపు పెట్టి వెనక్కి అడుగేయడం అసలే వద్దు. ఆపదలో 112 లేదా 999కి ఫోన్ చేసి కోస్ట్ గార్డ్ కావాలని చెప్పండి.

దారి తెరిచి ఉంటే పొద్దున తొమ్మిదికల్లా ఫిషర్ స్ట్రీట్ చివర నుంచి మొదలుపెట్టండి. ఇటునుంచి ఎక్కుడు నెమ్మదిగా పెరుగుతుంది, క్లిఫ్స్ కూడా మెల్లమెల్లగా కళ్ళముందు లేస్తాయి. ఎడమ పక్క పొలాల పైన డూనగోర్ అనే గుండ్రటి కోట కనబడుతుంది. 16వ శతాబ్దం నాటిది, ప్రైవేటు ఇల్లు, బయటినుంచే చూడాలి. ఈ బాట రైతుల పొలాల గుండా వెళ్తుంది. గేటు తెరిస్తే మూయండి. కుక్కల్ని తేకూడదు.

కాళ్ళ కింద, పక్కన నిలబెట్టిన రాతి పలకల మీద ఒకసారి వంగి చూడండి. తాళ్ళు పడేసినట్టు మెలికలు మెలికలుగా గీతలుంటాయి. సుమారు 32 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ నది సముద్రంలో కలిసేచోటు ఉండేది. ఆ బురదలో పాకిన జీవుల జాడలవి. లిస్కానర్ రాయి అని పేరున్న ఈ పలకల్ని ఈ ప్రాంతంలో ఇళ్ళ కప్పులకు, నేలకు, పొలం గోడలకు వాడారు. వేళ్ళతో తడిమితే గీతలు ఉబ్బెత్తుగా తగులుతాయి.

సందర్శకుల కేంద్రం దగ్గర ఓబ్రయన్ టవర్ ఉంది, 1835లో కట్టింది. ఏప్రిల్ నుంచి జులై దాకా గోట్ ఐలాండ్ అనే చిన్న దిబ్బ మీద పఫిన్ అనే సముద్రపు పక్షులు గూళ్ళు పెడతాయి, బైనాక్యులర్ ఉంటే వాటి నారింజ రంగు కాళ్ళు కూడా కనబడతాయి. టికెట్ ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ, 12 ఏళ్ళలోపు పిల్లలకు ఉచితం. తిరుగు ప్రయాణానికి 350 బస్సు ఉంది, పొద్దున్నే దాని వేళలు ఫొటో తీసిపెట్టుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను బస్సులో నేరుగా కేంద్రానికి పంపండి. అక్కడ చదునైన దారి, రక్షణ గోడలు ఉన్నాయి. మీరు నడిచివెళ్ళి వాళ్ళను అక్కడ కలుసుకోవచ్చు.

9. దారి మూసి ఉంటే, లేదా మూడో రోజుకు

మార్చి నుంచి అక్టోబరు దాకా డూలిన్ రేవు నుంచి అరన్ దీవులకు పడవలుంటాయి. మూడింట్లో దగ్గరిది, చిన్నది ఇనిష్ ఈర్. అక్కడ రోజువారీ మాట ఐర్లాండ్ భాషే. దీవంతా రాతి గోడల మధ్య చిన్న చిన్న మళ్ళు, కాలినడకన ఓ పూటలో చుట్టేయొచ్చు. తూర్పు ఒడ్డున తుప్పుపట్టిన ప్లాసీ ఓడ ఉంటుంది. 1960లో తుపానుకు ఒడ్డెక్కింది, అందులోని వాళ్ళందర్నీ దీవివాసులు కాపాడారు. వచ్చేటప్పుడు క్లిఫ్స్ కిందుగా తిప్పి తెచ్చే పడవ ఎంచుకోండి. పై నుంచి చూసినప్పుడు అందని ఎత్తు కింద నుంచి అర్థమవుతుంది. అల ఎక్కువగా ఉంటుంది, కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర ముందే వేసుకోండి. సముద్రం బాగోకపోతే పడవలు రద్దవుతాయి, ఆఖరి రోజుకు దీవిని పెట్టుకోకండి.

ఉత్తరంగా వెళ్తే నేల మారిపోతుంది. డూలిన్ దగ్గరే పలకరాయి అయిపోయి బరెన్ అనే ప్రాంతపు సున్నపురాయి మొదలవుతుంది. మైళ్ళ కొద్దీ బూడిదరంగు బండలు, వాటి మధ్య లోతైన చీలికలు. ఆ చీలికల్లో మంచుదేశాల మొక్కలూ మధ్యధరా ప్రాంతపు మొక్కలూ పక్కపక్కనే పెరుగుతాయి. ఏప్రిల్ చివర, మే నెలలో చిన్న నీలిరంగు జెన్షియన్ పూలు కనబడతాయి. కోయకండి. బండల మీద చూపు కాళ్ళ దగ్గరే ఉంచి నడవండి.

రోజంతా ముసురు పట్టిందా, డూలిన్ గుహకు వెళ్ళండి. 1952లో బయటపడ్డ ఈ గుహ కప్పు నుంచి 7.3 మీటర్ల సున్నపు స్తంభం ఒక్కటే వేలాడుతూ ఉంటుంది. గైడుతోనే లోపలికి పంపుతారు, మెట్లు చాలా ఉంటాయి.

10. వెనక్కి బయల్దేరేటప్పుడు

వచ్చిన దారినే వెళ్ళక్కర్లేదు. 350 బస్సులో దక్షిణంగా ఎన్నిస్ వెళ్ళండి, అక్కణ్ణుంచి లిమరిక్ మీదుగా డబ్లిన్‌కి రైలుంది. ఎన్నిస్ కూడా సంగీతం ఊరే. ఒక రాత్రి మిగిలితే అక్కడ ఆగొచ్చు, పర్యాటకుల రద్దీ తక్కువ.

విజిల్ కొన్నారు, వాయించడం కూడా నేర్చుకోవాలనిపిస్తే ఇదే జిల్లాలో మిల్‌టౌన్ మాల్‌బే అనే ఊళ్ళో ఏటా జులై మొదట్లో, ఆ ఊరి పైప్స్ విద్వాంసుడు విలీ క్లాన్సీ పేరు మీద వేసవి సంగీత పాఠశాల జరుగుతుంది. 1973 నుంచి నడుస్తోంది. వారంపాటు పొద్దున పాఠాలు, సాయంత్రం ఊళ్ళోని ప్రతి పబ్‌లో సెషన్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకూ తరగతులున్నాయి. చేరాలనుకుంటే గది చలికాలంలోనే బుక్ చేసుకోండి, ఆ వారం మిల్‌టౌన్‌లో ఖాళీ మంచం దొరకదు.